మిస్సమ్మగారి మెడ మీద మా ఊరి ఎండ

రెండు నెలలుగా ఏమీ రాయలేదేమని కొందరు ఫోన్ చేసి అడిగారు. ఆరోగ్యం బాగానే ఉంది, కుటుంబం క్షేమం. రాయవలసిన సంగతి ఒకటి గొంతులో ముల్లులా ఉండిపోయింది. దాన్ని పక్కన పెట్టి వేరే ధ్యానం ఏది మొదలుపెట్టినా రెండు వాక్యాల దగ్గరే ఆగిపోయింది. కాబట్టి ఈసారి అదే రాస్తున్నాను.

1874లో కాకినాడలో పని మొదలుపెట్టిన కెనడా బాప్తిస్టు మిషనరీల సంగతి గోదావరి జిల్లాల విశ్వాసులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆ వరుసలో చివర చివర వచ్చినవారిలో ఒక నర్సమ్మ ఉండేవారు. పెళ్లి చేసుకోలేదు, అందుకని ఊరంతా మిస్సమ్మ అనేవారు. సైకిలు మీద పల్లె పల్లెకూ తిరిగి కాన్పులు చేశారు. నన్ను ఈ లోకంలోకి లాగిన చేతులు కూడా ఆవిడవే అని మా అమ్మ చెప్పేది. నాకు ఏడేళ్లప్పుడు ఆవిడ తమ దేశం వెళ్లిపోయారు. ఇప్పుడు ఎనభై ఏడు నడుస్తోంది. ప్రతి క్రిస్మస్‌కీ ఫోన్ చేస్తారు. ఆవిడ తెలుగు పాత బైబిలు తెలుగు. "బాబూ, నీవు క్షేమముగా నున్నావా" అంటారు. మా పిల్లలు నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వుకుంటారు.

మొన్న క్రిస్మస్‌కి చేసినప్పుడు, ఆరోగ్యం ఎలా ఉందమ్మా అంటే, "మీ ఊరి ఎండ ఇంకను నా మెడ మీద ఉన్నది బాబూ" అన్నారు. ముందు నాకు అర్థం కాలేదు. నలభై ఏళ్ల క్రితం సైకిలు మీద పడిన ఎండ ఇప్పుడు చర్మ క్యాన్సరై తేలిందట. తెల్లచర్మం వాళ్లలో ఇది బహు సామాన్యమట. ముక్కు మీద వచ్చినదాన్ని కొన్నేళ్ల క్రితమే కత్తితో తీసేశారు. ఇప్పుడు చొక్కా కాలరు తెరుచుకునే చోట, మెడ కింద, రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ. చేతుల వెనకా, నుదుటి మీదా గరుకుగా, ఉప్పుకాగితంలా తగిలే మచ్చలు. "వీటికి కత్తి లేదు, దీపముతో బాగుచేసిరి" అన్నారు.

దీపంతో అనగానే నేను కుర్చీ ముందుకు లాక్కున్నాను. పాస్టరుకు 'వెలుగు' అనే మాట వినబడితే ప్రసంగం వాసన వస్తుంది, ఏం చేయను. వివరంగా అడిగాను. ఆవిడ నర్సు కాబట్టి వివరంగానే చెప్పారు. ముందు మచ్చ మీది పొక్కు మెల్లగా గీకేస్తారు. ఒక ఆయింట్‌మెంట్ దట్టంగా పూసి, వెలుగు తగలకుండా కట్టు కడతారు. మూడు గంటలు కూర్చోబెడతారు. తర్వాత కట్టు విప్పి, తుడిచి, ఎర్రటి కాంతి ఇచ్చే దీపం కింద కొన్ని నిమిషాలు ఉంచుతారు. అంతే. వారం తర్వాత ఇంకోసారి. నొప్పి ఉంటుందా అమ్మా అన్నాను. "గుర్తున్నదా, మీ అమ్మగారు నాచేత మిరపకాయలు దంపించిరి, ఆ చేయి పెట్టి మెడ రుద్దుకొంటిని. అట్లుండెను" అన్నారు. తర్వాత ఎర్రగా కమిలి, పొక్కు కట్టి, రాలిపోయిందట. రెండు రోజులు ఎండలోకి రావద్దన్నారట. మచ్చ ఉన్నచోట ఇప్పుడు వేలు పెట్టి వెతికినా దొరకదట.

అప్పుడే ఆవిడ అడిగిన ప్రశ్న ఇది. "మీ సంఘములో తెల్లగా పుట్టిన పిల్లవాడొకడు ఉన్నాడని వ్రాసితివి గదా. వాని చర్మమును ఎవరైనను చూచుచున్నారా?"

"ప్రార్థన చేస్తున్నామమ్మా" అన్నాను.

ఫోన్‌లో కాసేపు ఏమీ వినబడలేదు. లైను పోయిందేమో అనుకున్నాను. తర్వాత చాలా నెమ్మదిగా, "చూచుచున్నారా అని అడిగితిని" అన్నారు.

ఆ పిల్లవాడి సంగతి చెప్పాలి. పిల్లవాడేమీ కాదు, ఇరవై తొమ్మిదేళ్లు. తల్లిదండ్రులిద్దరూ మనలాగే నల్లనివారు. వీడు మాత్రం పాలలా పుట్టాడు. జుట్టు, కనురెప్పల వెంట్రుకలు కూడా తెలుపే. ఇంగ్లీషులో ఆల్బినిజం అంటారు. ఊళ్లో వాడి పేరు ఎవరికీ తెలియదు, దొర అంటారు. "ఒరే దొరా, గెడ్డివామి దగ్గరకి రారా" అని పిలుస్తారు. దొర అని పిలుస్తూనే కూలి మాత్రం తక్కువిస్తారు, చూపు సరిగా ఆనదు కదా అని. ఊడ్పుల్లో, కోతల్లో, ఇటుక బట్టీలో, ఎక్కడ పని దొరికితే అక్కడ, అంతా ఎండలోనే. మన చర్మంలో ఉండే మెలనిన్ అనే రంగు వాడికి పుట్టుకతోనే లేదు. నలుపంటే మనకు చిన్నచూపు. పెళ్లిచూపుల్లో ఆడపిల్ల రంగు గురించి మాట్లాడని ఇల్లు మా సంఘంలో కూడా లేదు, కిరాణా కొట్లో తెల్లబడే క్రీముల పొట్లాలు దండలుగా వేలాడుతుంటాయి. కానీ ఆ నలుపే దేవుడు మన వీపు మీద వేసిన గొడుగు. ఆ గొడుగు లేకుండా గోదావరి జిల్లా ఎండలో ఇరవై ఏళ్లు పని చేశాడు మా దొర.

అంతకుముందు ఏడాది నవంబరు కోతలప్పుడు ఎడమ చెవి ముందర చిన్న పుండు లేచింది. నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, ఇది మానట్లేదండి, ప్రార్థన చేయండి" అన్నాడు. నూనె రాచి ప్రార్థించాను. మళ్లీ వచ్చాడు, మళ్లీ ప్రార్థించాను. ఉపవాస కూటంలో సంఘమంతా ప్రార్థించింది. ఒకసారి పైన చెక్కు కట్టి తగ్గినట్టు కనబడితే సాక్ష్యం కూడా చెప్పించాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. చెక్కు ఊడి రక్తం కారినప్పుడు వాడు తువ్వాలు కట్టుకుని వెనక బెంచీలో కూర్చోవడం మొదలుపెట్టాడు. సాక్ష్యం చెప్పాక మళ్లీ పుండు లేచిందంటే తన విశ్వాసంలోనే లోపం ఉందేమోనని భయపడ్డాడట. ఆ మాట నాకు తర్వాత వాళ్లమ్మ చెప్పింది. ఆసుపత్రికి వెళ్లొద్దని నేను ఏనాడూ అనలేదు. వెళ్లమనీ అనలేదు.

క్రిస్మస్ హడావుడి తగ్గగానే జనవరి మొదటి వారంలో వాణ్ణి బస్సెక్కించుకుని పట్నం తీసుకెళ్లాను. చర్మ వైద్యుల గది ముందు మూడు గంటలు నిలబడ్డాం. లోపల డాక్టరమ్మ చిన్న వయసు, మా పెద్దమ్మాయి కంటే పదేళ్లు పెద్ద ఉంటుందేమో. తువ్వాలు విప్పించి, వెలుగులోకి తిప్పి చూసింది. ఎన్నాళ్లుగా ఉంది అంది. "నిరుడు ముందేడు కోతల నుంచండి." ఇన్నాళ్లు ఎవరికీ చూపించలేదా అంది.

"అయ్యగారికి చూపించానండి" అన్నాడు.

వాడు నేరం మోపడానికి అనలేదు. నిజం చెప్పాడు, అంతే. డాక్టరమ్మ నా వైపు చూసింది. నా చంకలో బైబిలు ఉంది.

ముక్క తీసి పరీక్షకు పంపారు. స్క్వామస్ సెల్ క్యాన్సరని తేలింది. మెడ గ్రంథులకు ఇంకా పాకలేదు, అది దేవుని కృప. ఫలితం చెప్పిన రోజున నేను ఆశతో మిస్సమ్మగారి దీపం సంగతి అడిగాను. ఆమె నవ్వలేదు, ఓపికగా చెప్పింది. ఆ వైద్యాన్ని ఫొటోడైనమిక్ థెరపీ అంటారట. అది పైపొరకే. వెలుగు చర్మంలోకి కొద్ది మిల్లీమీటర్లే దిగుతుంది, మందూ అంతే. పైపొరలోనే ఉన్న బేసల్ సెల్ క్యాన్సరుకు, లోపలికి దిగకముందున్న బోవెన్ జబ్బుకు, క్యాన్సరు కాబోయే గరుకు మచ్చలకు అది పనికొస్తుంది. లోతుకు పోయినదానికీ, పుట్టుమచ్చ నుంచి లేచే మెలనోమాకూ పనికిరాదు. "ఇతనిది కిందికి దిగిపోయిందండీ, కోయాల్సిందే" అంది. ఇది కూడా ఒకప్పుడు పైపొరలోనే ఉండి ఉంటుందా అని నేను అడగలేదు. అడిగితే ఏం చెబుతుందో తెలుసు.

ఆపరేషన్ అయ్యింది. తొడ దగ్గర చర్మం తీసి చెవి ముందర అతికారు. ఆసుపత్రి వరండాలో వాడి పక్కన నేను పదకొండు రాత్రులు పడుకున్నాను. నిద్ర పట్టని ఆ రాత్రుల్లో ఫోన్‌లో ఈ దీపం వైద్యం గురించి చదువుతూ గడిపాను. అర్థం కానివి పొద్దున్న డాక్టరమ్మనో, హౌస్ సర్జన్ పిల్లలనో అడిగేవాణ్ణి. చదివినది మీతో పంచుకోవాలని ఉంది, ఎందుకంటే ఇంత అందమైన సంగతి నేను ఈ మధ్య చదవలేదు.

ఆ మందు పేరు అమైనోలెవులినిక్ ఆమ్లం. పేరుకు భయపడకండి, అది బయటి విషం కాదు. మన ఒంట్లోనే ప్రతి కణమూ చేసుకునే పదార్థం. దానితో మెట్టు మెట్టుగా రక్తానికి ఎరుపునిచ్చే 'హీమ్' తయారవుతుంది. చివరి మెట్టు ముందర పోర్ఫిరిన్ అనే పదార్థం ఏర్పడుతుంది, అందులో ఇనుము చేరితే హీమ్ పూర్తవుతుంది. మామూలుగా ఎంత కావాలో అంతే చేసుకునేలా ఒళ్లు తన లెక్క తాను చూసుకుంటుంది. బయటి నుంచి ఆ ఆమ్లాన్ని ఎక్కువగా పూస్తే లెక్క తప్పుతుంది. చెడిన కణాలు దాన్ని ఎక్కువగా లోపలికి తీసుకుంటాయి, ఇనుము చేర్చే పనిలో వెనకబడతాయి. దాంతో ఆ కణాల్లో పోర్ఫిరిన్ పేరుకుపోతుంది. చీకటిగదిలో ఊదారంగు దీపం వేస్తే ఆ జబ్బు మేర మాత్రమే ఎర్రగా మెరుస్తుందట. కంటికి కనబడనిది హద్దులతో సహా కనబడుతుంది.

ఆపైన సరైన రంగు వెలుగు పడగానే, పోర్ఫిరిన్ ఆ శక్తిని పీల్చుకుని పక్కనున్న ప్రాణవాయువుకు అందిస్తుంది. ఆ ఆక్సిజన్ కనురెప్ప పాటులో వందో వంతు కూడా ఉండని క్షణం పాటు ఉగ్రరూపం దాలుస్తుంది. ఆ క్షణంలోనే తానున్న కణాన్ని కాల్చేస్తుంది, దూరం పోలేదు. మందు ఒక్కటే ఉంటే ఏమీ కాదు. వెలుగు ఒక్కటే పడితే ఏమీ కాదు. మందు, వెలుగు, ప్రాణవాయువు మూడూ ఒకే చోట కలవాలి. మూడు అనగానే నాలోని ప్రసంగీకుడు లేచి నిలబడ్డాడు. కూర్చోబెట్టాను. ప్రతి మూడింటినీ త్రిత్వానికి ముడిపెట్టే అలవాటు మా సెమినరీలోనే మా గురువుగారు మాన్పించారు.

ఇంకో సంగతి. చెట్ల ఆకుల్లోని పచ్చదనం, పత్రహరితం, అది కూడా ఇదే ఆమ్లం నుంచి మొదలవుతుంది. ఒకే ముడిసరుకు, ఇనుము చేరితే మన రక్తంలో ఎరుపు, మెగ్నీషియం చేరితే ఆకులో పచ్చదనం. తిరిగి వచ్చే దారిలో బస్సు కిటికీలోంచి దాళ్వా చేలు చూస్తూ దొర చేతిని చూశాను, తెల్లటి చర్మం కింద నరాలు కనబడుతున్నాయి. సృష్టికర్త పొదుపరి అని అంతకుముందెప్పుడూ తోచలేదు.

ఇది కనిపెట్టిన కథ కూడా ఒక్క తరం కథ కాదు. జర్మనీలోని మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే వైద్య విద్యార్థి నీటిలోని సూక్ష్మజీవుల మీద ఆక్రిడిన్ అనే రంగు మందును పరీక్షించాడు. అదే మోతాదు, అవే జీవులు, ఒక రోజు తొందరగా చచ్చేవి, ఒక రోజు ఆలస్యంగా. తేడా మందులో లేదు, గదిలోకి వచ్చే వెలుగులో ఉందని పట్టుకున్నాడు. 1900లో అది అచ్చయింది. ఆయన గురువు టాపైనర్ ఇంకొక డాక్టరుతో కలిసి 1903లో ఇయోసిన్ అనే రంగును చర్మపు గడ్డల మీద పూసి వెలుగు పెట్టి చూశాడు. అదే 1903లో డెన్మార్క్ డాక్టరు నీల్స్ ఫిన్సెన్‌కు, చర్మానికి వచ్చే క్షయను కాంతితో నయం చేసినందుకు, నోబెల్ బహుమానం వచ్చింది. ఫిన్సెన్ తానే రోగి. ఆ మరుసటేడే 43 ఏళ్లకు చనిపోయాడు. నా కంటే చిన్నవాడు.

నన్ను పట్టి నిలబెట్టినవాడు మాత్రం మేయర్ బెట్జ్ అనే ఇంకో జర్మన్ డాక్టరు. పోర్ఫిరిన్ మనిషిని ఏం చేస్తుందో తెలుసుకోవాలని 1912లో తన నరంలోకి తానే 200 మిల్లీగ్రాములు ఎక్కించుకున్నాడు. ఎండలోకి వెళ్లాడు. ముఖం గుర్తుపట్టలేనంతగా వాచిపోయింది. ఆ ఫోటో ఇప్పటికీ ఉంది, ఆసుపత్రి వరండాలో చూశాను. వారాల తరబడి వెలుగంటే భయపడుతూ బతికాడు. రోగి మీద వేసే ముందు తన మీద వేసుకున్నాడు. నేను దొర మీద ఏం వేశానో ఆలోచించుకుంటే, నాకు ఏ ఖర్చూ కాని ప్రార్థనలు.

తర్వాత అమెరికాలో డోహర్టీ అనే శాస్త్రవేత్త 1970లలో దీన్ని మళ్లీ పైకి తీశాడు. కాకపోతే మందు నరంలోకి ఎక్కిస్తే రోగి వారాల పాటు ఎండకు దూరంగా ఉండాల్సి వచ్చేది. ఆయింట్‌మెంట్‌గా పూస్తే చాలని 1990లో చూపించింది కెనడాలోని కింగ్‌స్టన్ ఊళ్లో కెన్నెడీ, పాటియర్ అనేవాళ్ల బృందం. 1999లో అమెరికా ప్రభుత్వం గరుకు మచ్చలకు నీలి దీపంతో ఈ వైద్యాన్ని అనుమతించింది. ఇదంతా మిస్సమ్మగారికి ఫోన్‌లో చెబితే, "కింగ్‌స్టనా, మా అక్కగారి ఊరికి దగ్గరే" అని సంతోషించారు. దొర ఆపరేషన్ సంగతి చెప్పాను. పద్నాలుగు నెలల సంగతి కూడా చెప్పాను. ఓదార్పు మాటేదైనా అంటారని ఎదురుచూశాను. "వాని రెండవ చెవి చూచితివా?" అన్నారు.

చూడలేదు. మర్నాడు చూశాను. అక్కడా, నుదుటి మీదా, చేతుల వెనకా గరుకు మచ్చలు ఏడెనిమిది ఉన్నాయి. మళ్లీ తీసుకెళ్లాం. ఇవి క్యాన్సరు కాదు, వదిలేస్తే కొన్ని అవ్వొచ్చు అంది డాక్టరమ్మ. దీపం వైద్యానికి సరిగ్గా సరిపోయేవి ఇవేనట, కానీ ఆ ఆసుపత్రిలో ఆ మందూ, ఆ దీపమూ లేవు. చల్లటి ద్రవ నత్రజని చల్లి మాడ్చేశారు. అదీ మంచి వైద్యమే. మూడు నెలలకోసారి రమ్మన్నారు. దీపంతో పోయినా, మంచుతో పోయినా, మళ్లీ రావచ్చు కనుక చూస్తూనే ఉండాలని గట్టిగా చెప్పారు.

సెమినరీలో లేవీయకాండము 13వ అధ్యాయాన్ని మేము పరుగెత్తుతూ దాటేశాం. పుండ్లు, మచ్చలు, వెంట్రుకల రంగు, అదంతా నాకు విసుగ్గా ఉండేది. ఆసుపత్రిలో ఒక రాత్రి దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివాను. అక్కడ యాజకుడు చేసే పని ఒక్కటే, చూడటం. మచ్చ లోతుగా ఉందా పైపైనే ఉందా అని చూస్తాడు. అనుమానం ఉంటే ఏడు రోజులాగి మళ్లీ చూస్తాడు. పాకిందా లేదా అని చూస్తాడు. ఆ అధ్యాయం పొడవునా ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. నేను దొర తల మీద చేయి వేసిన ప్రతిసారీ కళ్లు మూసుకున్నాను. పద్నాలుగు నెలల్లో ఆ పుండు ఎంత పెరిగిందో నాకు తెలియదు.

ఇది చదివి ప్రార్థన మానమంటున్నానని ఎవరూ అనుకోవద్దు. పదకొండు రాత్రులూ ప్రార్థించాను. మా సంఘ పెద్ద ఒకరు, "అయ్యగారూ, ఇవన్నీ పైకి రాస్తే జనం విశ్వాసం సడలదా" అన్నారు. సడలేది దొర విశ్వాసం కావాలి ముందు, వాడిది సడలలేదు. నెల రోజులు దాటినా మానని పుండు, ముట్టుకుంటే రక్తం కారేది, ఎప్పుడో కాలిన మచ్చ మీద కొత్తగా లేచిన పుండు, ఇవి నల్లవాళ్లకైనా వస్తాయి, చూపించుకోండి. మా దగ్గరకు వచ్చినవారిని నేనే తీసుకెళ్తున్నాను, బస్సు చార్జీలు సంఘం ఇస్తోంది.

దొరకు ఇప్పుడు పాలకేంద్రంలో పని దొరికింది. తెల్లవారుజామున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు, మధ్యలో ఎండ జోలికి పోనక్కర్లేదు. కూలి తక్కువే, కానీ నీడ. వెడల్పు అంచు టోపీ ఒకటి కొన్నాం, పొడుగు చేతుల చొక్కాలు రెండు కుట్టించాం. మగవాడు తలమీద టోపీతో ఆరాధనలో కూర్చోవచ్చా అని ఒక చర్చ లేచింది. మా మందిరం రేకుల షెడ్డు, తూర్పు వైపు గోడ సగమే ఉంది, తొమ్మిదింటికి ఎండ సరిగ్గా బెంచీల మీద పడుతుంది. గోడ పూర్తయ్యేదాకా టోపీ ఉంటుందని చెప్పాను. గోడకు ఇటుకలు వస్తున్నాయి.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక వాడు ఎప్పటిలాగే వచ్చి తల వంచి, "ప్రార్థన చేయండయ్యగారూ" అన్నాడు. ఉండరా అని జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని, టోపీ తీయించి, కిటికీ దగ్గరకు తీసుకెళ్లాను. ముందు ఎడమ చెవి, అతికిన చర్మం అంచు చుట్టూ. తర్వాత కుడి చెవి, చెవి వెనక, మెడ, నుదురు. తర్వాత చేతులు తిప్పి తిప్పి చూశాను. కుడి చేతి మణికట్టు మీద ఒకచోట వేలికి గరుకుగా తగిలింది. నోటుబుక్కులో తారీకు వేసి రాసుకున్నాను. అప్పుడు ప్రార్థన చేశాం.